రెండు ఊళ్ల మాత్రలు

"ఏమప్పా, నువ్విచ్చింది దురదకు మాత్రనా, నిద్రకు మాత్రనా?"

2003 ఆగస్టు. పుంగనూరు బస్టాండు ఎదురుగా మునస్వామి మెడికల్ షాపు. తడిసిన గొడుగును కౌంటరు మీదే పెట్టి నిలదీసింది ప్రసన్నలక్ష్మి. గొడుగు నీళ్లు, షాపులో పనిచేసే హరినాథ్ చదువుతున్న పేపరు మీదికి పారుతున్నాయి. పేపరును కాపాడుకోవాలో, తనను కాపాడుకోవాలో అతనికి తెలియలేదు.

"దురదకే ఇచ్చినాను. కొంచెం మగతగా ఉంటాదని సెప్పినాను గదా!"

"కొంచెమా? మా నాయన మదనపల్లె మండీలో టమాటా బాక్సులకు ఆనుకొని నిద్రపోయినాడు. లేసేటప్పటికి వేలంపాటే అయిపోయింది. ఈసారి నువ్వొచ్చి అమ్మిపెడతావా?"

పక్కన నిలబడిన సరోజమ్మ ఫక్కున నవ్వింది. ఊళ్లో సగం పెళ్లి సంబంధాలు ఈ సరోజమ్మ నోటి మీదుగానే నడుస్తాయి. హరినాథ్‌కీ నవ్వొచ్చింది. ప్రసన్నలక్ష్మికి మాత్రం రాలేదు.

వానలు పడగానే పొలం గట్ల మీద వయ్యారిభామ మొక్కలు నడుమెత్తు లేచి తెల్లగా పూస్తాయి. ఆ పూత గాలి తగిలితే చాలు, వాళ్ల నాయన గంగాధరానికి మెడా చేతులూ ఎర్రగా దద్దుర్లు.

"నిద్ర రాని మాత్ర ఇయ్యి."

ఉంది. చిన్న తెల్ల మాత్ర. ఒక్క రోజులో దురద మాయం. అది స్టెరాయిడ్ అని, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని, షుగరున్న వాళ్లకు షుగరును ఎగదోస్తుందని హరినాథ్‌కు తెలుసు. అందుకే అడిగాడు.

"మీ నాయనకు షుగరు, బీపీ ఏమన్నా ఉండాయా?"

ప్రసన్న సరోజమ్మ వైపు ఒక్కసారి చూసింది.

"ఏం లేవు."

ఆ చూపును హరినాథ్ పట్టించుకోలేదు. ఆమె కనురెప్పల మీద నిలిచిన వాన చుక్కలను చూస్తున్నాడు మరి! చీటీ లేకుండానే మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేశాడు.

మంత్రం వేసినట్టు దురద పోయింది. మాత్రలు అయిపోగానే మళ్లీ వచ్చింది. దానితో పాటు ప్రసన్న కూడా వచ్చింది. అలా పది రోజులకొకసారి.

"ఏమప్పా, నీ పొట్లం లేకుంటే మా నాయనకు తెల్లారదు."

"మీ నాయనకేనా?"

"ఇంగెవురికి?" అని పొట్లం లాక్కొని, బస్సు ఎక్కేముందు వెనక్కి తిరిగి చూసేది. ఆ ఒక్క చూపు కోసం అతను పది రోజులు లెక్కపెట్టుకునేవాడు. ఇన్నిసార్లు ఇవ్వకూడదు, చర్మం డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పాలి అని ప్రతిసారీ అనుకునేవాడు. చెప్తే ఆమె ఇక రాదు. అందుకని చెప్పలేదు.

నవంబరులో ఆమె రాలేదు. పది రోజులు, ఇరవై రోజులు. చివరికి సరోజమ్మే చెప్పింది.

"నీకు తెలీదా అప్పా? గంగాధరానికి మదనపల్లె ఆసుపత్రిలో కాలు తీసేసినారు. చెప్పు కరిసిన పుండంట, కుళ్లిపోయిందంట. ఐదేండ్లుగా షుగరంట! టమాటాలేసుకొని పోయినప్పుడు మదనపల్లెలోనే మాత్రలు కొనుక్కొనేదంట, ఈడ ఎవురికీ తెలీకుండా. యాల దాచినాడో సూడు. వంశంలో షుగరుంటే బిడ్డకు సంబంధాలు రావని! నేను తెచ్చిన కుప్పం సంబంధం ఇప్పుడు పోయె."

షుగరు మాత్రలు ఆ ఊళ్లో. దురద మాత్రలు ఈ ఊళ్లో. హరినాథ్ షట్టరు సగం దించి, మదనపల్లె బస్సెక్కాడు.

ఆసుపత్రి వరండాలో ప్రసన్న స్టీలు క్యారియరు ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. చిక్కిపోయింది. అతన్ని చూసి లేవలేదు.

"ఏమేం మాత్రలు మింగినాడని డాక్టరు అడిగినాడు," అంది. "నీ పొట్లం సూపిచ్చినాను. అది ఒక్కటే కారణం కాదంట. గాని అది లేకుంటే షుగరు ఇంత పైకి పోయేది కాదంట. పుండు మానేదేమోనంట."

"నాకు తెలుసు," అన్నాడు హరినాథ్.

"నువ్వు అడిగినావు. ఆ సరోజమ్మ ముందర నేను లేదన్నాను. మా నాయన కాలు నేనే తీసినాను హరీ."

"ఒక్కసారి అడిగినాను. మూణ్నెల్లు ఇచ్చినాను. డాక్టరు దగ్గరికి పొమ్మని సెప్పల్లనుకున్నాను. సెప్తే నువ్వు రావు గదా అని సెప్పలా."

ఏ అబ్బాయీ తన ప్రేమను ఇలాంటి చోట, ఇలాంటి మాటల్లో చెప్పి ఉండడు. ప్రసన్న అతని ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు. అందుకే అతనికి భయమేసింది.

"పో హరీ. ఈడ ఉండొద్దు."

వచ్చేశాడు. మరుసటి రోజు నుంచి చీటీ లేకుండా ఆ తెల్ల మాత్ర ఎవరికీ ఇవ్వలేదు. మునస్వామి తిట్టాడు. గిరాకీ పక్క షాపుకు పోయింది. షాపు ముందు ఏ అమ్మాయి గొడుగు ముడిచినా తలెత్తి చూసేవాడు.

మళ్లీ వానలు పడ్డాయి. మళ్లీ గట్ల మీద తెల్లటి పూత.

ఒక సాయంత్రం షాపు నిండా జనం. సరోజమ్మ కూడా ఉంది. గొడుగు లేకుండా తడుచుకుంటూ వచ్చిన ప్రసన్న ఒక ప్లాస్టిక్ సంచిని కౌంటరు మీద బోర్లించింది. షుగరు మాత్రలు, డాక్టరు చీటీ, అన్నీ.

"మా నాయనకు మళ్లీ దురదొచ్చింది."

హరినాథ్ చీటీ చేతిలోకి తీసుకున్నాడు. అయినా అడగాల్సింది అడిగాడు.

"షుగరు, బీపీ ఏమన్నా ఉండాయా?"

"షుగరుండాది," అంది ప్రసన్న, షాపంతా వినేట్టు. "ఆరేండ్లుగా. ఎవురన్నా వింటే విననీ."

సరోజమ్మ చేతిలోని చిల్లర కింద పడింది.

హరినాథ్ చీటీ చదివి మందులు తీసిపెట్టాడు. "ఇది రాత్రి ఒకటే, అన్నం తిన్నాకనే. మగతలో తినకుండా పండుకుంటే షుగరు మాత్రకు కళ్లు తిరుగుతాయి. ఇది పైపూత. ఆ తెల్ల మాత్ర ఎవురిచ్చినా వద్దు, నేనిచ్చినా వద్దు." ఆగి, మెల్లగా అన్నాడు. "అసలు ఆ చెట్లు పీకేయల్ల."

"ఎవురు పీకేది? ఆయనకు కాలు లేదు. నాకున్నవి రెండే చేతులు."

"ఆదివారం షాపు సెలవు."

ఆదివారం పొద్దున్నే ఇంటి పక్క గట్టు మీద, పూత కదిలితే గాలికి లేస్తుందని, ముందు పూత రాని మొక్కలను వేళ్లతో సహా పీకుతున్నాడు హరినాథ్. ఇంటి ముందు మంచం మీద, చంకకర్ర పక్కన పెట్టుకొని, గంగాధరం చూస్తున్నాడు. గంట తర్వాత అడిగాడు.

"ఆ పొట్లాలిచ్చినోడివి నువ్వేనా?"

"నేనే."

"దాచినోణ్ని నేను." ఆయన మోకాలి కింద ఖాళీగా వేలాడుతున్న పంచెను సర్దుకున్నాడు. "నా బిడ్డకు సంబంధం పోతాదని దాచినాను. పోయింది గూడా."

హరినాథ్ తల వంచుకొని మళ్లీ పీకసాగాడు. గుమ్మంలో ప్రసన్న నిలబడి వింటోంది.

"ఒరే అప్పా, ఉత్త చేతుల్తో పీకొద్దు," అన్నాడు గంగాధరం. "నీక్కూడా దురదొస్తే నా బిడ్డ ఇద్దరికి మందులియ్యల్ల."

ప్రసన్న చేతి తొడుగులు తీసుకొని గట్టు మీదికి నడిచింది. ఒక జత అతనికిచ్చి, రెండో జత తాను తొడుక్కుంది.