కెప్టెన్ ఫిక్రీకి వచ్చిన బహుమతి

చిక్కుడు గింజల ఫూల్ ఉడుకుతున్న గిన్నె కింద మంట తగ్గించి, కరీమాన్ వంటగది గట్టు మీదున్న ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ ఫోను ఆమెది కాదు, భర్త ఫిక్రీది. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. అయినా రోజూ పొద్దున్నే అందులో 'అలల రాజ్యం' అనే ఆట తెరిచి, ఆయన ఓడల్ని రేవు దాటించి, ఆటలో ఆయనతో జట్టుకట్టిన దండులోని వాళ్ళకి "శుభోదయం మిత్రులారా, గాలి మనవైపే ఉంది" అని రాస్తే గాని ఆమెకి టీ గొంతు దిగదు.

ఫిక్రీ ముప్ఫై ఏళ్ళపాటు ఈజిప్టులోని పోర్ట్ సయీద్ నుంచి కాలువ అవతలి గట్టుకి జనాన్ని దాటించే ఫెర్రీ నడిపాడు. పది నిమిషాలు అటు, పది నిమిషాలు ఇటు. ఆటలో మాత్రం మహాసముద్రాలే దాటేవాడు. అక్కడ అందరూ ఆయన్ని కెప్టెన్ అనేవారు. అప్పట్లో కరీమాన్ ఆ ఫోనుకి 'సవతి' అని పేరు పెట్టింది. ఆయన పోయిన రెండో వారంలో దాన్ని ఆపేద్దామని తెరిచింది. "కెప్టెన్, ఎక్కడున్నావు? ఒంట్లో బాగుందా?" అని వరసగా ముప్ఫై సందేశాలు కనిపించాయి. ఏం రాయాలో తోచక "బాగానే ఉన్నాను, కొంచెం నలతగా ఉండింది" అని రాసేసింది. ఆ రోజు నుంచి ఆ అబద్ధం ఆగలేదు.

"అమ్మా! అమ్మా!"

రద్వా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, ఇళ్ళ నమూనాలు గీసే పని. దాని పాత కంప్యూటరు రోజుకి నాలుగుసార్లు బిగుసుకుపోతుంటుంది. ఆఫీసువాళ్ళ చేత రోజూ మాటలు పడుతోంది.

"గెలిచాం! ఆట మొదలై పదేళ్ళయిందని నలభై రోజులు పోటీ పెట్టారు కదా, ఒక్క రోజూ మానకుండా ఆడినవాళ్ళలో చీటీ వేసి పదిమందిని తీశారట. అందులో నాన్న పేరుంది! ఆ ఖాతా తెరిచి ఇచ్చింది నేనేగా, మెయిలు నాకొచ్చింది. కంప్యూటరమ్మా! మామూలుది కాదు, మా ఆఫీసు సారు దగ్గర కూడా లేదు అలాంటిది!"

కరీమాన్ ఫోను మీంచి తలెత్తింది. "నాన్న పేరా?"

"నువ్వు రోజూ ఆ ఓడల్ని గెలకడం నేను చూడట్లేదనుకున్నావా? గెలుకుతూ గెలుకుతూ గెలిచేశావు!" రద్వా తల్లి మెడ చుట్టూ చేతులేసి ఊపేసింది.

కరీమాన్ నవ్వుతూనే ఫోను జేబులో వేసుకుంది. కూతురికి తెలిసింది ఓడల సంగతే. మాటల సంగతి తెలియదు.

మూడు రోజుల్లో ఫారం నింపి పంపాలన్నారు. రద్వా ఆఫీసు పని పక్కన పెట్టి కూర్చుంది. ఫారంలో దేశాల జాబితా ఉంది గాని అందులో ఈజిప్టు లేదు. కంపెనీకి రాస్తే "మీ సహనానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే. రెండో రోజు ఈజిప్టు వచ్చింది గాని, పంపే బొత్తాం నొక్కగానే పేజీ ఖాళీ అయిపోయింది. సాయంత్రానికి కొత్త షరతు పెట్టారు: కంపెనీ పేజీని పదిమందికి పంచి, వాళ్ళ పేర్లు రాయాలట.

"వీళ్ళ సహనం తగలెయ్య!" రద్వా బల్ల మీద గుద్దింది. "బహుమతి ఇస్తున్నారా, బిచ్చం వేస్తున్నారా? చూడు, ఈ ఆట అభిమానుల పేజీలో అందరిదీ ఇదే గోల. అమ్మాన్‌లో ఒకాయనకి గెలిచావని చెప్పి, మర్నాడు పొరపాటైందన్నారట. ఆరేళ్ళు, ఏడేళ్ళు ఆడినవాళ్ళమ్మా వీళ్ళంతా."

"పోనీ వదిలెయ్యవే," అంది కరీమాన్. చేతిలోని గుడ్డతో అప్పటికే తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

"ఎందుకు వదలాలి? మనకు రావలసిందే అడుగుతున్నాను."

"కంప్యూటరు లేకపోతే బతకమా?"

"నీకేమైందమ్మా? నిన్నటి నుంచీ వదిలెయ్, వదిలెయ్ అంటూ ఇదే పాట. గెలిచినందుకు సంతోషం లేదా నీకు?"

కరీమాన్ బాల్కనీలోకి వెళ్ళి ఆరిన బట్టలు తీసింది. తీసినవి మడతపెట్టకుండానే కుర్చీలో పడేసి మళ్ళీ లోపలికొచ్చింది.

మూడో రోజు పొద్దున్న గడువు ముగుస్తుందనగా కంపెనీ నుంచి ఇంకో మాటొచ్చింది. ఖాతా ఎవరి పేరున ఉందో ఆ మనిషి ముఖం కెమెరాకి చూపించాలి. రద్వా ఓర్పు అక్కడితో అయిపోయింది. తల్లికి చెప్పకుండానే అభిమానుల పేజీలో పొడవైన ఉత్తరం రాసి పెట్టేసింది. "కెప్టెన్ ఫిక్రీ మా నాన్న. ఆయన చనిపోయి పద్నాలుగు నెలలైంది. ఆయన గుర్తుగా మా అమ్మ ఆడుతోంది. చనిపోయిన మనిషి ముఖం ఎక్కడి నుంచి తెచ్చి చూపించను? అభిమానులంటే మీకు ఇంత అలుసా?"

గంటలో వందల మంది చదివారు. ఇక కంపెనీ దిగి వస్తుందని రద్వా చూస్తూ కూర్చుంది. అంతలో ఒక జవాబు అన్నిటికంటే పైకి వచ్చింది. రాసినవాడు సఫాక్స్‌లో ఉండే మున్జీ, ఫిక్రీ దండులో ఆరేళ్ళుగా ఉన్న మనిషి.

"ఈ అమ్మాయి అబద్ధాలకోరు. కెప్టెన్ నిన్న మధ్యాహ్నం నాతో మాట్లాడాడు. మా ఆవిడ ఆపరేషను ఎలా అయిందని అడిగాడు. కంప్యూటరు కోసం బతికున్న తండ్రిని చంపుకున్న కూతుర్ని ఇప్పుడే చూస్తున్నాను."

దాని కింద జనం విరుచుకుపడ్డారు. దొంగ అన్నారు, సిగ్గులేనిదన్నారు. ఇలాంటి కూతురు ఏ తండ్రికీ పుట్టకూడదని ఎవరో రాశారు.

రద్వా ఫోను పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నిన్న మధ్యాహ్నం ఎవరమ్మా మాట్లాడింది?"

కరీమాన్ ఆకుకూర తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది.

"నిన్నే అడుగుతున్నాను. నాన్న పేరుతో ఎవరు మాట్లాడుతున్నారు?"

"నేనే."

"ఎప్పటి నుంచి?"

"ఆయన పోయిన రెండో వారం నుంచి."

రద్వా గుమ్మం దాటి లోపలికొచ్చింది. "నేను చేతులారా మట్టి వేసి వచ్చాను! నువ్వేమో ఆయన బతికున్నట్టు... పండగ శుభాకాంక్షలు చెబుతున్నావా? జోకులు వేస్తున్నావా? నాకు నాన్న గుర్తొచ్చినప్పుడు నీ ముందు ఏడిస్తే 'ఊరుకో తల్లీ, పోయినవాళ్ళు తిరిగి రారు' అన్నావే, అప్పుడు నీ జేబులో ఉన్నాడా ఆయన?"

"రద్వా..."

"ఇప్పుడు ఊరంతా నన్ను తండ్రిని చంపుకున్నదంటోంది. చదువు! పైకి చదువు!"

"నువ్వు నాకు చెప్పకుండా ఎందుకు రాశావే?"

"నువ్వు నాకు చెప్పకుండా ఎందుకు దాచావు?"

కరీమాన్ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఏం చెప్పను? ముప్ఫై ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషి ఉప్పు చాలిందా అంటే ఊఁ అనేవాడు, లేదంటే ఉఁహూఁ అనేవాడు. అంతే మా మాటలు! ఆ ఫోను తెరిస్తే పాత సందేశాల్లో ఆయన పేజీలకి పేజీలు మాట్లాడాడు. నవ్వాడు, నవ్వించాడు, పక్కవాడి పిల్లకి జ్వరమొస్తే మూడు రోజులు వాకబు చేశాడు. నాకా మనిషి తెలియనే తెలియదు. పోయాక దొరికాడు. దొరికినవాణ్ణి నా నోటితో నేనే పోయాడని ఎలా చెప్పనే?"

రద్వా చున్నీ తలకి చుట్టుకుని తలుపు తీసింది. "నీకు దొరికాడు సరే. మరి నాకు?" అని వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింద దాకా వినిపించింది.

కరీమాన్ కుర్చీలో కూలబడింది, లేచింది, ఇల్లంతా రెండుసార్లు తిరిగింది. ఫోను తీస్తే తిట్లు పెరుగుతూనే ఉన్నాయి. ప్రతి తిట్టులోనూ తన కూతురి పేరు. అందులో ఒక్కదానికీ ఆ పిల్ల పాత్రురాలు కాదు. ఇంకో పక్క దండులో మున్జీ రాశాడు. "కెప్టెన్, ఒక్క మాట చెప్పు. ఆ అమ్మాయి నోరు మూయిస్తాను." బస్రాలో ఉండే ఇఖ్లాస్ రాసింది. "అన్నా, నా గుండె దడదడలాడుతోంది. ఉన్నానని అను చాలు."

ఒక్క మాట రాస్తే ఫిక్రీ ఉంటాడు, రద్వా మునిగిపోతుంది.

కరీమాన్ రాయలేదు. ఆ ఫోనులో ఇన్నాళ్ళూ ఎన్నడూ ముట్టని మైకు గుర్తు మీద వేలు పెట్టింది. మాట్లాడటం మొదలుపెట్టింది.

"అస్సలాము అలైకుం. నేను కరీమాన్‌ని, ఫిక్రీ భార్యని. మా అమ్మాయి రాసిందంతా నిజం. ఆయన నిరుడు చలికాలంలో ఫెర్రీ దిగి ఇంటికి వస్తూ గుండె ఆగి పోయారు. ఈ పద్నాలుగు నెలలూ మీతో మాట్లాడింది నేను. మున్జీ తమ్ముడూ, మీ ఆవిడ గురించి అడిగింది నేనే, మనస్ఫూర్తిగానే అడిగాను. ఇఖ్లాస్, నీ కొడుకు పరీక్ష పాసైనప్పుడు సంతోషించిందీ నేనే. మిమ్మల్ని మోసం చేశాను. తిట్టాలంటే నన్ను తిట్టండి. నా బిడ్డని ఒక్క మాట అనకండి. దానికి ఏమీ తెలియదు."

దాన్ని దండులో పెట్టింది. అభిమానుల పేజీలోనూ పెట్టింది. పెట్టి ఫోను బోర్లించేసింది.

మధ్యాహ్నం ప్రార్థన పిలుపు ముగిసిన కాసేపటికి రద్వా తిరిగొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఫెర్రీ ఎక్కాను," అంది. "అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. రేవులో అందరికీ నాన్న తెలుసు గదా, దిగమని ఎవరూ అనలేదు. అక్కడే విన్నాను, నీ గొంతు."

కరీమాన్ లేవబోయింది. రద్వా వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చుని, తల ఆమె మోకాలికి ఆనించింది. కాసేపటికి బోర్లించిన ఫోనులో దండువాళ్ళ గొంతు సందేశాలు మోగడం మొదలుపెట్టాయి.

మున్జీ గొంతు బొంగురుగా ఉంది. "వదినా, నాకు మీ మీద కోపంగా ఉంది. దాచను. ఏడాది పైగా పోయిన నా స్నేహితుడి ఆత్మశాంతి కోసం దుఆ చేయనివ్వలేదు మీరు. ఆయన ఆరోగ్యం కోసం చేస్తూ వచ్చాను." అక్కడ ఆగిపోయి, ముక్కు చీదుకున్నాడు. "అమ్మా రద్వా, నా నోరు పడిపోను. నన్ను క్షమించు. ఆ మాట తీసేశాను. అందరి చేతా తీయిస్తున్నాను."

ఇఖ్లాస్ మాట్లాడలేకపోయింది. ఏడుపులో "అల్లా ఆయన్ని కరుణించుగాక" అన్న ఒక్క ముక్క వినిపించింది.

మర్నాడు కంపెనీ జవాబు కూడా వచ్చింది. ఖాతా అసలు యజమాని లేడు గనక బహుమతి ఇంకొకరికి ఇస్తున్నారట. ఒకరి ఖాతాను మరొకరు వాడటం నియమాలకు విరుద్ధం గనక వారం రోజుల్లో దాన్ని మూసేస్తున్నారట. ఉత్తరం చివర "మీ సహనానికి ధన్యవాదాలు".

ఈసారి పేజీలో జనం కంపెనీని దుమ్మెత్తిపోశారు. ఆటే మానేస్తామన్నారు. రద్వా కూడా మళ్ళీ కలం దూసింది గాని కరీమాన్ చేయి పట్టుకుని ఆపింది.

"కంప్యూటరు పోతే పోయింది. ఖాతా మూస్తే ఆయన మాటలన్నీ పోతాయి, ఉన్న ఈ వారాన్ని వాళ్ళతో పోట్లాడుతూ పోగొట్టుకోవద్దు. ఇలా వచ్చి కూర్చో. నీకు చూపించవలసినవి ఉన్నాయి."

బాల్కనీ తలుపు పక్కన వెలుతురులో ఇద్దరూ కూర్చున్నారు. ఫిక్రీ రాసిన సందేశాలు కరీమాన్ చదువుతుంటే రద్వా తన పాత కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. అది మధ్యమధ్య బిగుసుకుపోతే ఇద్దరూ ఓపికపట్టి చూస్తున్నారు. చేపల ధరల మీద ఫిక్రీ విసుర్లు, రేవుకి కొత్తగా వచ్చిన అధికారి మీసాల మీద జోకులు. రద్వా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఇది నాన్నేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

మూడో రోజు కరీమాన్ ఒక చోట ఆగిపోయింది.

"ఏమైంది? చదువు."

"ఇది నీదే," అంది కరీమాన్. ఫోను వెలుతురు వైపు తిప్పి చదివింది.

"మిత్రులారా, ఇవాళ మా అమ్మాయి తాను గీసిన మొదటి ఇల్లు తెచ్చి చూపించింది. నాకు నోట మాట రాలేదు. ఏదో ఒకటి అనాలని, కిటికీలు మరీ ఎక్కువయ్యాయి అన్నాను. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. నేను జన్మలో అంత అందమైన ఇల్లు చూడలేదు. మీలో కూతుళ్ళున్నవాళ్ళు చెప్పండి, ఈ మాట దానికి ఎలా చెప్పాలి?"

దాని కింద మున్జీ అప్పట్లోనే రాశాడు: "మాకు చెప్పినట్టే చెప్పు కెప్టెన్."

ఫిక్రీ జవాబు: "మీ ముఖాలు నాకు కనపడవు గదా, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను."

రద్వా చేతులు మీటల మీద నిలిచిపోయాయి. ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. ఆ కాగితాన్ని ఆమె అదే సాయంత్రం చింపేసింది. ఆ తర్వాత తండ్రికి ఇంకే బొమ్మా చూపించలేదు. ఖననం రోజున కూడా అందరికీ నీళ్ళందిస్తూ కన్నీరు పెట్టని పిల్ల, రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నప్పటిలా వెక్కి వెక్కి ఏడ్చింది.

కరీమాన్ ఆమెను దగ్గరికి లాక్కుంది. ఈ మాట తాను మొదటిసారి చదివి ఏడాది దాటింది. చదివిన ప్రతిసారీ తన భర్త ఎంత మంచివాడో అని తానే మురిసిపోయింది గాని, అది పక్క గదిలో ఉన్న పిల్లకి చేరవలసిన మాట అని ఒక్క రోజూ తోచలేదు. ఆయన చెప్పలేకపోయాడు. తాను చెప్పగలిగీ చెప్పలేదు.

"నన్ను క్షమించవే తల్లీ," అంది. "నీది నేను దాచుకున్నాను."

రద్వా చేతి వెనకతో ముఖం తుడుచుకుని, బిగుసుకుపోయిన కంప్యూటర్ని మళ్ళీ వెలిగించింది.

"నా గురించి ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. చాలా ఉన్నాయి."

"అయితే చదువమ్మా. మెల్లిగా చదువు."