పన్నెండు, తొంభై ఆరు

ఉదయం ఎనిమిదింటికి కాళహస్తిలోని కలంకారీ శాలలో గీత పని మొదలైంది. మునిరత్నమ్మ లోపలి గదిలో కూర్చుని వెదురు కలంతో పార్వతి భుజం వంపు గీస్తోంది. బయటి హాలులో ఇద్దరు శిష్యురాళ్ల చేతులు అదే క్షణాన అదే వంపును తమ తమ గుడ్డల మీద గీస్తున్నాయి. వాళ్ల కుడిచేతులకున్న పలచని కరకవచాలు గురువు వేళ్ల ఒత్తిడినీ, వేగాన్నీ, ఆమె ఊపిరి బిగబట్టి ఆగిన చోటునూ అందుకుని వాళ్ల కండరాలకు అందిస్తున్నాయి.

ఇలా చేతి నుంచి చేతికి పనిని పంపే హస్తధార వచ్చి ఇరవై ఏళ్లయింది. పదేళ్లు పట్టే చేతిపని మూడేళ్లలో వస్తోందని శస్త్రవైద్యులు మొదలు చెప్పులు కుట్టేవారి దాకా అందరూ దాన్నే వాడుతున్నారు. పని నేర్చుకున్నావా అని ఇప్పుడెవరూ అడగరు. చెయ్యి దిగిందా అని అడుగుతారు.

ప్రసూన చూపు గుడ్డ మీద లేదు. పక్కనున్న దేవసేన మణికట్టు మీద ఉంది. ఆ కవచం మీద వెలుగుతున్న అంకె తొంభై ఆరు. తన కవచం మీద పన్నెండు.

సెకనుకు ఎంత సమాచారం చేతిలోకి వస్తోందో ఆ అంకె చెబుతుంది. పంపేవారికి అది కనబడదు. పుచ్చుకునేవారికే కనబడుతుంది. దాని పక్కన ఆవగింజంత అక్షరాలు కూడా ఉంటాయి గానీ వాటిని ఎవరూ చదవరు. మూడేళ్లుగా ప్రసూన రోజూ ఆ రెండు అంకెలనే చూస్తోంది. గురువును అడగవచ్చు. కానీ అడిగితే, "అవును, ఆ పిల్లంటేనే నాకిష్టం" అన్న జవాబు వస్తుందేమోనని భయం.

అడగని ప్రశ్న లోపల పెరిగింది. మునిరత్నమ్మ దేవసేనను "సేనా" అని పిలిస్తే ప్రసూన ఒకటి లెక్కపెట్టుకునేది. కాఫీ ముందు ఆమెకిస్తే రెండు. మధ్యాహ్నాలు ఇంటికెళ్లి, కవచం లేకుండా, పాత పంచెల మీద వట్టి చేత్తో గీసేది. నాకు అందనిది నేనే సంపాదిస్తానని పళ్లు బిగించి గీసేది. వేలి కణుపు మీద కాయ కాసింది.

మునిరత్నమ్మకు ఏడాదిగా వేళ్లు వణుకుతున్నాయి. శుక్రవారం నాడు ఇద్దరిలో ఒకరిని తన పీట మీద కూర్చోబెడతానని చెప్పింది. ఇక మీదట శాలలో ధార ఆ చేతి నుంచే పారుతుంది.

గురువారం మధ్యాహ్నం దేవసేన గుడ్డలు జాడించడానికి స్వర్ణముఖి ఏటికి వెళ్లింది. ఆమె కవచం మేకుకు వేలాడుతోంది. ప్రసూన దాన్ని తీసి కొంగులో దాచుకుంది. బస్టాండు పక్కన కవచాలు బాగుచేసే షాహిదా దుకాణానికి నడిచింది.

"అక్కా, దీంట్లోకి వచ్చే ధార నా కవచంలోకి మళ్లించాల," అంది.

షాహిదా రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి భూతద్దంలోంచి చూసింది. "ఏం మళ్లించేది? రెండింట్లోనూ వచ్చేది ఒకటే గదా."

"దాంట్లో తొంభై ఆరు, నా దాంట్లో పన్నెండు. కండ్లారా చూస్తా ఉండా మూడేండ్లుగా."

"పక్కన అక్షరాలు చూసినావా? నీది పాతరకం. మె.బై. అని ఉండాది, మెగాబైట్లు. ఆ పాపది కొత్తరకం. మె.బి., మెగాబిట్లు. ఎనిమిది బిట్లు చేరితే ఒక బైటు. నీ పన్నెండును ఎనిమిదితో గుణించు."

ప్రసూన పెదవులు కదిలాయి.

"ఎంతొచ్చింది?"

"తొంభై ఆరు."

"రెండు డజన్ల అరటిపండ్లని ఒకరంటారు, ఇరవై నాలుగని ఇంకొకరంటారు. పండ్లయితే అవే గదమ్మా," అని షాహిదా నవ్వింది. ఎదుటి ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఏందమ్మా, సంతోషపడాల్సింది పోయి?"

ప్రసూనకు సంతోషం రాలేదు. మూడేళ్లుగా తనకు అన్యాయం జరుగుతోందన్న కోపాన్ని ఆనుకునే ఆమె నిలబడింది. ఇప్పుడు ఆనుకోవడానికి ఏమీ లేదు. చేతిలో దొంగిలించిన కవచం మాత్రం ఉంది.

ఆమె పరుగులాంటి నడకతో శాలకు తిరిగి వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది. కవచం కనబడటం లేదని దేవసేన చెబితే, "పోనీలే, కాసేపు వట్టి చేత్తో గీయి" అని మునిరత్నమ్మ గుడ్డ పరిచింది. ఆ గుడ్డ మీద ఇప్పుడొక వంకర గీత ఉంది. సగంలో కలం ఆగిన చోట నల్లటి మరక పడింది. దేవసేన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది.

ప్రసూన కవచాన్ని గురువు ముందు పెట్టింది. "నేనే తీసినానమ్మా," అంది. ఎందుకు తీసిందో, షాహిదా ఏం చెప్పిందో దాచకుండా చెప్పింది.

దేవసేన తలెత్తింది. "నాకు ఎక్కువ వస్తా ఉందనే నేనూ అనుకుంటి అక్కా. ఇంత వస్తా ఉంటే ఇంటికాడ గీసేదెందుకని ఏనాడూ కలం పట్టలేదు. నీ వేలి మీద కాయ చూసినప్పుడల్లా కడుపు మండేది. కవచం తీసినాక కూడా నీకు చెయ్యి ఉంటుంది. నాకేముంది?"

చేతిలోకి పంపినదంతా చేతిలోనే ఉండిపోతుందని హస్తధారను తయారుచేసినవారు అనుకున్నారు. తనకు తక్కువ వస్తోందనుకున్న మనిషి ఏం చేస్తుందో, ఎక్కువ వస్తోందనుకున్న మనిషి ఏం మానేస్తుందో వాళ్లు ఆలోచించలేదు.

"ఏమ్మే ప్రసూనా, ఇట్ల కూర్చో. వట్టి చేత్తో గీయి," అంది మునిరత్నమ్మ.

ప్రసూన గీసింది. పార్వతి భుజం గీత కిందికి జారి, మోచేయి దగ్గర గురువు ఎన్నడూ తిప్పని చోట చిన్నగా తిరిగి, నడుము మీదికి వచ్చి ఆగింది. మునిరత్నమ్మ ఆ మలుపును చాలాసేపు చూసింది. ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది.

"ఇది నేను పంపింది కాదు. నాకిది రాదు," అంది మెల్లగా. తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "పీట నీదే. దొంగతనం చేసినావు గదా, దానికి శిక్ష కూడా ఉంది. రేపట్నించి నీ చెయ్యి మొదట సేనకు పంపాల. దాని చేతికి దిగిందాకా."

శుక్రవారం ఉదయం ప్రసూన పీట మీద కూర్చుంది. పంపే కవచం బరువుగా ఉంది. ఎదురుగా దేవసేన కలం పట్టిన చేతిని గుడ్డ మీద ఆనించి, కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది.

ప్రసూన గీసింది. మోచేయి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి తనంతట తానే జంకింది. పాత పంచెల మీద, ఏడుపు దిగమింగుకుంటూ, ఎవరూ ఇవ్వకుండా తాను తెచ్చుకున్న మలుపు అది. ఇచ్చేస్తే ఇక తనదని ఏముంటుంది? కలం ఆ మలుపు తిరగకుండా గురువు పాత దారిలోనే సాఫీగా వెళ్లిపోయింది. పంపడంలో ఏ లోపమూ లేదు. ప్రసూన గీసినంతా దేవసేన చేతికి వచ్చింది.

దేవసేన కళ్లు తెరిచి గుడ్డను చూసుకుంది. నిన్న ప్రసూన గీసిన మలుపును ఆమె చూసే ఉంది; అది ఇక్కడ లేదు.

"ఇంతేనా అక్కా?" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఇంతే దొరుకుతుందని ముందే తెలిసినట్టు అడిగింది.

మునిరత్నమ్మ కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

ప్రసూన తాను గీసిన గుడ్డను మడిచి పక్కన పెట్టింది. ఇంకొక గుడ్డ పరిచి, ముడతలు పోయేదాకా అరచేత్తో సాపు చేసింది.

"చెయ్యి వదులుగా పెట్టుకో సేనా," అంది. "మోచేయి కాడ మలుపు తిరిగేటప్పుడు కొంచెం నొప్పిగా ఉంటుంది. ఓర్చుకో."