జాబితాలో లేని అసిరమ్మ

"ఇంకా స్పీడు! ఇంకా!"

పోలీసు జీపు వెనక సీట్లోంచి అరుస్తున్నాడు బెన్హర్.

డిసెంబరు చలి. రాత్రి ఏడున్నర.

ఒళ్ళో లాప్‌టాప్. తెర మీద ఎర్ర చుక్క. ఆ చుక్క ఒక ఏసీ లారీ. సాయంత్రం భావనపాడులో బయల్దేరి రొయ్యల పెట్టెలు మోసుకొస్తోంది.

రొయ్యలతో పాటు పద్దెనిమిది మంది ఆడపిల్లలు కూడా ఉన్నారందులో!

"రణస్థలం దాటింది సార్... ఇంకో నాలుగు కిలోమీటర్లు!"

ముందు సీట్లో ఎస్సై ఉదయభాస్కర్ వెనక్కి తిరుగుతాడు.

"ఈ సాఫ్ట్‌వేర్ నీదే కదా? మరి ముందే ఎందుకు తెలీలేదు?"

బెన్హర్ తెర మీంచి తల ఎత్తడు.

"ఎవరో... మిస్‌యూజ్ చేశారు సార్."

అబద్ధం. ఎంత నున్నగా జారిపోయిందో నోట్లోంచి! తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

పక్కన తవిటమ్మ. భావనపాడులో చేపలమ్ముకునే మనిషి. పొద్దుట్నుంచీ కూతురి ఫోన్ స్విచాఫ్ అని బస్సెక్కి, విజయనగరంలో అతని ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో వైజాగ్‌లో కుట్టుపని ఇప్పిస్తామన్న చీటీ. దాని మీద అతని కంపెనీ పేరు... 'కొలువు'. అది చూసి అతనే పోలీసుల్ని పిలిచాడు.

"నా అసిరమ్మ దొరుకుతాది కదా బాబూ?"

"దొరుకుతుందమ్మా."

"నువ్వు సల్లగుండాలి. దేవుడిలాగ దొరికినావు."

బెన్హర్ కిటికీ వైపు తిరిగిపోతాడు.

'కొలువు' అతని సొంత బుర్రలో పుట్టింది. సరుకు ఏ లారీలో ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి, పనివాళ్ళను పనిలో చేర్చేది ఇంకొకటి. రెండూ కలిపేశాడు. మా బాబు పేదోళ్ళకి పనులిప్పిస్తన్నాడని తల్లి జ్ఞానసుందరి చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది.

లేబర్ కాంట్రాక్టర్ నరసింగరావు దాన్ని అద్దెకు తీసుకున్నాడు. పిల్లల్ని తీసుకెళ్ళే బండి నంబరు అడిగితే రొయ్యల లారీ నంబరిచ్చాడు. చూసి కూడా బెన్హర్ ఇదేంటని అడగలేదు. ఎంటర్ కొట్టి ఊరుకున్నాడు.

"అదిగో సార్! అదే!"

సైరన్!

లారీ పక్కకు కట్ కొడుతుంది. జీపు రోడ్డు అంచు దిగి, దుమ్ములోంచి ఎగిరి మళ్ళీ ఎక్కుతుంది. తవిటమ్మ కేక. డ్రైవర్ స్టీరింగ్ ఒక్క తిప్పు తిప్పుతాడు. జీపు లారీకి అడ్డం!

కీ...చ్!

రెండడుగుల దూరంలో ఆగుతుంది లారీ.

కేబిన్లోంచి తాపీగా దిగుతాడు నరసింగరావు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. చంకలో ఫైలు.

"పద్దెనిమిది పేర్లు సార్. పద్దెనిమిది ఆధార్లు. సూసుకోండి."

కానిస్టేబుల్ వెనక తలుపు లాగుతాడు. తెల్లటి చలి పొగ బయటకు దూకుతుంది. తలుపు పక్కన గోనెసంచులు కప్పుకుని ఆడపిల్లలు. వెనకంతా కప్పుదాకా థర్మోకోల్ పెట్టెలు.

ఎస్సై పేర్లు పిలుస్తాడు. ఒక్కొక్కరే దిగుతారు. పద్దెనిమిది. సరిగ్గా పద్దెనిమిది.

"అసిరమ్మా!" తవిటమ్మ అరుస్తుంది.

బక్కపల్చటి పిల్ల తిరిగి చూస్తుంది. "నానూ అసిరమ్మనే గానీ, మీ అసిరమ్మని కాదు పిన్నీ..."

"మరి నా పిల్లేదే?"

ఆ పిల్ల నరసింగరావు వైపు చూసి తలదించేసుకుంటుంది.

ఎస్సై జాబితా మళ్ళీ చూస్తాడు. "ఇందులో అసిరమ్మ ఒక్కతే అమ్మా. నీ కూతురు ఈ బండిలో లేదు. తలుపెయ్యండి. లారీని స్టేషన్‌కి తోలండి!"

'ఒక్కతే' అన్న మాట దగ్గర ఆగిపోతాడు బెన్హర్.

ఆ ఊరి అమ్మవారు అసిరితల్లి. ఆ పేరే వీధికి నలుగురు పిల్లలకు. ఇంటిపేరూ ఒకటే. పుట్టినరోజు ఎవరికీ తెలీదు గనక, ఒక ఈడు పిల్లలందరికీ ఆధార్‌లో ఒకటే తేదీ... జనవరి ఒకటి. ఆ మూడూ కలిస్తే నకిలీ అని తీసిపారేయమని సాఫ్ట్‌వేర్‌కు నేర్పింది బెన్హరే! దానికే నిన్న వైజాగ్‌లో బహుమతి ఇచ్చారు.

స్టేజీ ఎక్కబోతుంటే నరసింగరావు ఫోన్.

"ముగ్గురు అసిరమ్మల్ని నీ మిషను ఒప్పుకోట్లేదు. ఏటి సెయ్యమంటావు?"

మైకులో తన పేరు పిలుస్తున్నారు. తొందర.

"లిస్టులో లేకపోతే ఏటండీ? వెనకాల ఎక్కించేయండి. సిస్టమ్ అడగదు!"

అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

వెనకాల... అంటే పెట్టెల వెనక! చలి ఊదే మిషను కిందే!

చెవి పక్కన గొంతు. నరసింగరావు.

"నోరిప్పినావో... నానొక్కడినే మునగను."

లారీ ఇంజన్ స్టార్టవుతుంది. చలి మిషను గుర్రుమంటుంది. స్టేషన్ చేరి, తాళం వేసి, రేపు పొద్దున తీస్తే...

"ఆపండి!"

అందరూ తిరుగుతారు.

"ఇంకా ముగ్గురున్నారు సార్! పెట్టెల వెనక!"

"నీకెలా తెలుసు?"

"మా సాఫ్ట్‌వేర్... ఒకే పేరు రెండోసారి తీసుకోదు సార్."

సగం నిజం. మిగతా సగం గొంతులోనే ఉండిపోతుంది.

పెట్టెలు దబదబా కింద పడతాయి. ఐసు, రొయ్యలు రోడ్డంతా. పదో వరస... పన్నెండో వరస...

ఒక చెయ్యి!

ముగ్గురు. ఒకరినొకరు కరుచుకుని. పెదాలు నీలం. ఊపిరి ఉంది!

"ఒలమ్మా... నా తల్లే!"

తవిటమ్మ కూతుర్ని గుండెలకు హత్తుకుని, బెన్హర్ వైపు తిరిగి రెండు చేతులూ జోడిస్తుంది. అతను చీకట్లోకి నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. ఇప్పుడు వెళ్ళిపోతే చాలు. ఎవరికీ తెలీదు.

బేడీలు పడ్డ నరసింగరావు గింజుకుంటాడు.

"ఈడ్నొగ్గేస్తారేటి సార్? ఎక్కించీమన్నది ఈడే! ఫోన్లో సెప్పినాడు!"

ఎస్సై చూపు బెన్హర్ మీద ఆగుతుంది.

"అబద్ధం సార్! నేనలా అనలేదు!"

ఆలోచించకుండానే వచ్చేసింది. గట్టిగా వచ్చింది.

తల్లి భుజం మీంచి అసిరమ్మ తల ఎత్తుతుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అమ్మా... ఈ గొంతే. నిన్న ఫోన్ స్పీకర్లో... సిస్టమ్ అడగదన్నాడు. నవ్వినాడు."



తవిటమ్మ జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగుతాయి.

"నిజమేటి బాబూ?"

ఇంకా బాబూ అనే అంటోంది! ఆ ఒక్క మాటకు సిగ్గుతో చచ్చిపోతాడు బెన్హర్. ఆమె మొహం చూడలేక నేల చూస్తాడు. జేబులోంచి ఫోన్ తీసి ఎస్సైకి అందిస్తాడు.

"నా ఫోన్లో అన్ని కాల్సూ రికార్డవుతాయి సార్. నిన్నటిదీ ఉంది."

ఎస్సై నొక్కుతాడు.

ఆగిపోయిన లారీ పక్కన, ముగ్గురు అసిరమ్మల ముందు, బెన్హర్ నవ్వు గట్టిగా వినిపిస్తుంది.