సెరీనా ఉత్తరాల్లోని దెయ్యం

పొద్దుగూకాక ఆ గుహ ముందునుంచి ఎవరూ నడవరు. అసలు నడిచినవాళ్లే లేరని కాదు... నడిచొచ్చి, ఆ సంగతి నోరు విప్పి చెప్పినవాళ్లు లేరు.

మా టెనెసీ కొండల్లో దాన్ని మూలుగుల గుహ అంటారు. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలైన ఏడాది దక్షిణాది సైన్యంవాళ్లు తుపాకిమందు కోసం అందులో సురేకారం మట్టి తవ్వించారు. ఒకరోజు పైనుంచి బండ విరిగి టట్ అనే కూలివాడి మీద పడింది. మనిషిని బయటికి తీశారు గానీ తల దొరకలేదని కొందరంటారు. తల దొరికింది గానీ అది టట్‌ది కాదని ఇంకొందరంటారు. ఏదైతేనేం, తవ్వకం ఆ రోజుతో ఆగిపోయింది.

చలికాలం రాత్రుల్లో ఆ గుహ నోట్లోంచి వెచ్చటి ఆవిరి తెల్లగా బయటికొస్తుంది... ఆగుతుంది... మళ్లీ వస్తుంది. దాని వెనకే లోపలెక్కడో ఒక మూలుగు.

ఇంత ఉన్నా, ఆ దెయ్యానికి నాలుగు ఊళ్లలో పేరు తెచ్చింది మాత్రం టట్ కాదు. సెరీనా లవెట్ రాసిన ఉత్తరాలు.

సెరీనా మొగుడు అబ్నర్ ఉత్తరాది సైన్యంలో చేరి, ఒక పోరులో పట్టుబడి, జార్జియాలో దక్షిణాదివాళ్ల ఖైదీల శిబిరంలో పడ్డాడు. ఫిరంగి ఎదురుగా నిలబడి తాపీగా పొగాకు నమిలిన మనిషి. దెయ్యాల దగ్గరికొచ్చేసరికి మాత్రం వట్టి పిరికి. పెళ్లయిన కొత్తలో రాత్రిపూట పెరట్లోకి వెళ్లాలంటే పెళ్లాన్ని లేపి లాంతరు పట్టుకోమనేవాడు.

ఖైదీల ఉత్తరాలకు ఒక పద్ధతి ఉండేది. ఒక్క పేజీ దాటకూడదు. కవరు అంటించకూడదు. ఇటువైపు సైనిక కార్యాలయంలో ఒకరు చదివి, తెల్లజెండా నీడన అవతలికి పంపేవారు. అవతలివాళ్లు ఇంకోసారి చదివి, అభ్యంతరం లేదనుకుంటే ఖైదీ చేతికిచ్చేవారు. ఇన్ని చేతులు మారి, నెలలు గడిచి, చెమట వాసనతో అబ్నర్‌కి చేరిన మొదటి ఉత్తరంలో ఇలా ఉంది.

"ప్రియమైన అబ్నర్, నేను క్షేమం. మన బెక్‌ను ఎవరో రాత్రికి రాత్రి తోలుకుపోయారు. మంగళవారం గుహ దగ్గర టట్ మళ్లీ కనిపించాడు. ఈసారి తల చంకలో పెట్టుకున్నాడు. పశువుల కోసం వచ్చిన సైనికుడొకడు మాట వినకుండా అటు వెళ్లాడు. తిరిగొచ్చాడు గానీ మాట పడిపోయింది. ఉంటాను, నీ సెరీనా."

బెక్ అంటే వాళ్ల కంచరగాడిద. ఆ ఇంట్లో నాగలి లాగే ప్రాణి అదొక్కటే. అది లేకపోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే మొక్కజొన్న లేదు. మొక్కజొన్న లేకపోతే ఆ కొండల్లో బతుకు లేదు. ఆ రాత్రి అబ్నర్‌కి నిద్ర పట్టలేదు. సగం బెక్ దిగులు, సగం టట్ భయం.

అతని దగ్గర ఒక చిన్న డైరీ, బొటనవేలంత పెన్సిలు ముక్క ఉండేవి. సెరీనాకి జవాబులు రాయగా మిగిలిన పెన్సిలు అరిగిపోకుండా, డైరీలో రెండు మూడు ముక్కల్లో రాసుకునేవాడు.

"జూలై 9. ఎండ. మొక్కజొన్న బెండుతో కలిపి విసిరిన పిండి. సెరీనా ఉత్తరం. దెయ్యం బాగానే ఉందట. నా సంగతి అడగలేదు."

"సెప్టెంబరు 2. వాన. పిండి లేదు. మళ్లీ ఉత్తరం. దెయ్యం ఇప్పుడు పాడుతోందట. ప్రార్థన గీతాలు కావట. ఈవిడ అటు ఎందుకు పోతున్నట్టు?"

ఉత్తరాలు రాని ఖైదీలు అబ్నర్ గుడారం దగ్గర చేరేవాళ్లు. "మీ దెయ్యం ఏమంటోంది?" అని అడిగేవాళ్లు. కాపలావాడు కూడా ఓ చెవి ఇటు పడేసేవాడు. అందరికీ చదివి వినిపించి, అందరికన్నా ఎక్కువ భయపడేవాడు అబ్నర్.

ఎలాగైతేనేం, శీతాకాలం చివర్లో రెండు సైన్యాలూ ఖైదీలను మార్చుకున్నాయి. అబ్నర్‌కి కొత్త బూట్లు, మందపాటి నీలం కోటు, నెల రోజుల సెలవు దొరికాయి. రైలెక్కాడు, బండ్లెక్కాడు, నడిచాడు... మార్చి నెల ఒక సాయంత్రం, మంచు తడితడిగా కురుస్తుండగా, ఏటి ఒడ్డున పిండిమర కేలెబ్ తలుపు తట్టాడు.

"వంతెన లేదురా అబ్బాయ్," అన్నాడు కేలెబ్. "తగలబెట్టారు. ఈ సైన్యం సగం, ఆ సైన్యం సగం."

"మరి ఇంటికెలా?"

"గుట్ట మీది దారొక్కటే." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఆ గుహ ముందునుంచి."

అబ్నర్ గుట్టవైపు చూసి, ఒక అడుగు ఇంట్లోకి జరిగాడు.

"ఈ పూటకి పడుకో. పొద్దున్నే పోదువుగాని. సైన్యం వదిలి పారిపోయిన దొంగవెధవలు ముగ్గురు ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు. పశువు కనిపిస్తే తోలుకుపోతారు, కోటు కనిపిస్తే ఒలుచుకుపోతారు. వాళ్లు చాలరన్నట్టు... ఆ టట్‌గాడు."

"నువ్వు కళ్లారా చూశావా మామా?"

"నేనెక్కడ చూశాను? మీ ఆవిడ ఉత్తరాలు చదివే గుమాస్తా స్వయంగా చెప్పాడు. ఆవిడ అబద్ధం రాస్తుందా ఏమిటి? కట్టుకున్న మొగుడికేగా రాసింది!"

ఇల్లు రెండు మైళ్లు. సెరీనాను చూసి రెండేళ్లు. అబ్నర్ ఆగలేకపోయాడు. కేలెబ్ భార్య తన ఉన్ని శాలువా తెచ్చి, కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా అతని తలకు చుట్టి పంపింది.

గుట్ట ఎక్కేసరికి బాగా చీకటి పడింది. మబ్బుల వెనక చంద్రుడున్నాడో లేడో అన్నట్టున్నాడు. మంచులో తన బూట్ల చప్పుడే తనను వెంటాడుతున్నట్టుంది. 'చూడకుండా నడిచిపోతాను,' అనుకున్నాడు. తల వంచుకుని, బైబిల్లో పదమూడో కీర్తన ఎక్కడ మొదలవుతుందో గుర్తు చేసుకుంటూ నడిచాడు... గుర్తు రాలేదు.

గుహ ముందుకొచ్చాడు.

తెల్లటి ఆవిరి బయటికొచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది.

లోపలినుంచి — మూలుగు.

అది మనిషి మూలుగు కాదు. అలాగని ఏ జంతువుదీ అని చెప్పడానికీ లేదు. గుహ గోడలకు తగిలి, సాగి సాగి, అబ్నర్ దాకా వచ్చింది. ఆ వెంటనే ఆవిరిలోంచి తెల్లటి ఆకారం ఒకటి లేచింది. నిలువెత్తుది. దానికి తల లేదు. తల ఉండాల్సిన చోటుకి జానెడు కిందుగా, ఎర్రటి వెలుగు ఒకటి మిణుకుమంటోంది.

"ఎ... వ... రు...?"

అబ్నర్ మంచులో మోకాళ్ల మీద పడ్డాడు.

"టట్ గారూ!" అన్నాడు. "మీ తల నేను తియ్యలేదండీ. అప్పుడు నేను ఊళ్లోనే లేను. మా ఇల్లు ఈ దిగువనే. సెరీనా మొగుణ్ణి. ఆవిడ మీ గురించి ఎప్పుడు రాసినా గౌరవంగానే రాసిందండీ..."

ఆకారం కదల్లేదు.

"అబ్నరూ?"

దెయ్యానికి తన పేరు తెలిసిపోయింది! ఇక అయిపోయిందనుకుని అబ్నర్ కళ్లు మూసుకున్నాడు.

"లేవయ్యా బాబూ, మోకాళ్లు తడుస్తాయి!"

ఆ విసుగును అతను ఏ లోకంలో విన్నా గుర్తుపట్టేవాడు. తెల్ల దుప్పటి అతని మీదికి వచ్చిపడింది. దానితోపాటే నల్లగుడ్డ కప్పిన లాంతరు, మొక్కజొన్న పొట్టు వాసన, సెరీనా. ఆ చీకట్లో ఆమె ఆ మందపాటి కోటును రెండు చేతులా పట్టుకుని, శాలువాలో మొహం దాచుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. అబ్నర్‌కి మాత్రం ఏడుపే వచ్చింది.

లోపల మళ్లీ మూలిగింది. అబ్నర్ చటుక్కున పెళ్లాం వెనక్కి చేరాడు.

"అది బెక్," అంది సెరీనా. "నీ గొంతు విన్నది కదా, ఆగదు."

"బెక్‌ను తోలుకుపోయారని రాశావే!"

"రాయకపోతే తోలుకుపోయేవాళ్లు. నీలం చొక్కాల ఉత్తరాదివాళ్లొచ్చారు, బూడిదరంగు చొక్కాల దక్షిణాదివాళ్లొచ్చారు. రంగు మారిందే గానీ అడిగింది ఒకటే, పశువేదీ అని. దీన్ని ఇక్కడ దాచాను. పగలు లోపల, రాత్రి మేతకి బయట. ఇక్కడికి ఎవరూ రాకూడదంటే టట్ కావాలి. టట్ అంటే ఊళ్లోవాళ్లకి భయమే. సైన్యాలకెలా తెలుస్తుంది?"

"ఎలా?"

"నీకు రాస్తే తెలుస్తుంది. చదివేవాళ్లుంటారుగా. ఇటొక ఆఫీసరు, అటొక ఆఫీసరు. డప్పు వేసి చెప్పినా అంత దూరం పోదు."

అబ్నర్ చిన్నబుచ్చుకున్న గొంతుతో అన్నాడు, "మరి ఒక్కదాంట్లోనైనా ఎలా ఉన్నావని అడగలేదు..."

"ఉన్నది ఒక్క పేజీ. దెయ్యానికే చాలేది కాదు."

ఆమె ఇంకేదో అనబోయి ఆగిపోయింది. గుట్ట కింద వెలుగు. దివిటీ. మాటలు.

"ఇటే వెళ్లాయిరా అడుగులు."

"జూబల్, ఇది ఆ గుహేరా. వెనక్కి పోదాం... దెయ్యం..."

"దెయ్యం కొత్త బూట్లేసుకుని నడుస్తుందట్రా? ఆ బూట్లు నావి. కోటు మీరు కొట్టుకు చావండి."

అబ్నర్‌కి అర్థమైంది. తనే తెచ్చాడు వాళ్లను. రెండేళ్లు సెరీనా ఒంటరిగా కాపాడిన చోటికి, మంచులో అడుగులు వేసి మరీ దారి చూపించాడు.

సెరీనా అతన్ని లోపలికి తోసి, దుప్పటి తలమీదికి లాక్కుని, లాంతరు పట్టుకుని బయటికి నడిచింది. "ఎ... వ... రు...?"

ముగ్గురు దొంగల్లో ఇద్దరు అక్కడే బిగుసుకుపోయారు. జూబల్ ఆగలేదు. దివిటీ ఎత్తి చూశాడు... పకపకా నవ్వాడు.

"చూడండ్రా, దెయ్యం దుప్పటికి మాసిక వేసుంది!"

దివిటీ వాసన తగిలిందేమో, సరిగ్గా అప్పుడే బెక్ గొంతెత్తింది. మూలుగు కాదు. దాచిపెట్టినన్నాళ్ల కసీ తీరేలా అచ్చమైన కంచరగాడిద అరుపు.

"ఓరినీ!" అన్నాడు జూబల్. "బూట్ల కోసం వస్తే నాలుగు కాళ్ల నిధి దొరికిందిరా!"

సెరీనా దుప్పటి తీసి పారేసింది. దారికి అడ్డంగా నిలబడింది. "దాన్ని తీసుకుపోతే ఈ ఏడు మాకు దుక్కి లేదు," అంది. కాలు కదపలేదు. "నన్ను దాటి పో, చూస్తాను."

జూబల్ నవ్వు ఆపాడు. నడుం దగ్గరున్న పిస్తోలు తీశాడు.

అబ్నర్ చేతిలో ఏమీ లేదు. ఉన్నా ఎత్తే సత్తువ లేదు. అతనికి తోచింది ఒకటే. వాళ్లొచ్చింది కోటు కోసం, బూట్ల కోసం. అవి ఇచ్చేస్తే, బతిమాలితే, బహుశా... శాలువా విప్పాడు. బూట్లు లాగేశాడు. కోటు విప్పి రెండు చేతుల మీదా పెట్టుకుని, శిబిరంలో మిగిలిన చొక్కా పేలికతో, ఒట్టి కాళ్లతో, ఆవిరిలోంచి దివిటీ వెలుగులోకి వచ్చాడు.

"ఇదిగో..." అన్నాడు. దగ్గుతో గొంతు పూడుకుపోయి, మాట ఎక్కడో లోతునుంచి వచ్చింది. "తీసుకోండి..."

జూబల్ చేతిలో దివిటీ జారిపడింది.

వెనకున్న ఇద్దరిలో ఒకడు "టట్!" అని కెవ్వుమన్నాడు. తర్వాత ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడుతూ, లేస్తూ, గుట్ట దొర్లుకుంటూ దిగిపోయారు. ఒకడి టోపీ, జూబల్ పిస్తోలు మంచులోనే ఉండిపోయాయి.

అబ్నర్ వాళ్లు పోయినవైపే చూశాడు. అంతలా దేన్ని చూశారు వీళ్లు? తన వెనక ఏదో ఉంది! మెడ బిగబట్టుకుని, మెల్లగా... వెనక్కి తిరిగాడు.

గుహ. ఆవిరి. బెక్ చెవులు.

"సెరీనా," అని గుసగుసగా పిలిచాడు. "ఎవరున్నారే అక్కడ? నాకు కనిపించడం లేదు. నీకు కనిపిస్తోందా?"

సెరీనా లాంతరు మీది నల్లగుడ్డ లాగేసి, దాన్ని అతని మొహం దాకా ఎత్తింది.

రెండేళ్ల తర్వాత అప్పుడు చూసింది మొగుణ్ణి. కళ్లున్న చోట గుంటలు. చెంపలున్న చోట ఎముకలు. ముందు పళ్లు లేవు. పేలిక చొక్కా లోపల పక్కటెముకలు ఒకటొకటిగా లెక్కపెట్టొచ్చు. రెండు సైన్యాలను హడలగొట్టిన సెరీనా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె కళ్లు చూశాక తన వెనక ఎవరూ లేరని అబ్నర్‌కి అర్థమైంది.

"మూడు పూటలా తింటున్నానని రాశావు," అంది సెరీనా. "రాసిన ప్రతిసారీ. ఒళ్లు కూడా చేశానని రాశావు."

అబ్నర్ కోటు మడత సర్దుకుంటూ తల వంచుకున్నాడు.

"చదివేవాళ్లుంటారుగా," అన్నాడు.

సెరీనా కోటు అతనికి తొడిగి గుండీలన్నీ తనే పెట్టింది. బూట్లు తొడిగింది. బెక్‌ను బయటికి తెచ్చి, అతన్ని రెండు చేతులా ఎత్తి దాని మీద కూర్చోబెట్టింది. ఎత్తడానికి పెద్ద కష్టం కాలేదు, అందుకే మళ్లీ ఏడిచింది.

గుట్ట దిగుతుంటే కింద ఊళ్లో దీపాలు కనిపించాయి. అబ్నర్ కంగారుగా ముందుకు వంగాడు. "సెరీనా, లాంతరు కప్పవే. బెక్‌ను ఎవరైనా చూస్తారు."

"చూడనీ, దాచింది చాలు," అంది సెరీనా. లాంతరు ఇంకాస్త పైకెత్తి, బెక్ తాడు పట్టుకుని, బాట నడిమధ్యన నడిచింది.