అమ్మకు కుడివైపు ముఖం

ఆ రోజు అంతియోకు నగరంలో ఆ అత్తరు వ్యాపారి ఇంట్లో ఉన్నది అయిదుగురు: యజమాని బర్లాహా, పాటగత్తె మర్తానా, గుర్రాల బేరగాడినని చెప్పుకునే శత్రురాజ్యం పార్థియా గూఢచారి ఫర్నాక్, తూర్పు ద్వారం తాళాలు నడుముకు కట్టుకుని విందుకొచ్చిన రోమను దళపతి లోలియస్. అయిదో మనిషి తెర్తుల్లా. జడలల్లే దాసి వేషంలో ఉన్న రోమను ఏజెంటు.

ఆమె మెడలో బంగారు నాణెం వేలాడుతోంది. ఒకవైపు పాత చక్రవర్తి. రెండోవైపు ఆయన కుటుంబం: నడుమ అమ్మ, ఎడమన పెద్దకొడుకు, కుడిన చిన్నకొడుకు. తండ్రి పోయాక పెద్దవాడు చిన్నవాణ్ణి చంపించి గద్దె తన ఒక్కడిదే చేసుకున్నాడు. అప్పటినుంచి చిన్నవాడి ముఖం ఎవరి దగ్గర దొరికినా తల తీసేస్తున్నారు. జనం నాణేల మీద ఆ ముఖాన్ని గోకేసుకుని బతుకుతున్నారు. గోకని ముఖం చూపినవాళ్లనే ఈ ఇంట్లో కలిసే కుట్రదారుల ముఠా లోపలికి రానిస్తుంది.

లోలియస్‌కు విషం పెట్టి తాళాలు కొట్టేస్తారని, అది ఆపాలని పొద్దున పైఅధికారి కస్పెరియస్ చెప్పాడు. మర్తానా మన మనిషేనన్నాడు.

"నేను సైనికులతో వచ్చేలోగా ఆ ముఖం గోకెయ్యమ్మా. పదిమంది ముందు సోదా జరుగుతుంది. ముఖం దొరికిందా, నువ్వెవరో నాకు తెలీదు. అమ్మకు కుడివైపు, గుర్తుంచుకో."

గుమ్మంలో మర్తానా నాణేన్ని వేలితో ఎత్తి చూసింది. "అమ్మ ఎలా ఉంది?"

"కొడుకులిద్దరితో చల్లగా ఉంది."

కోడ్ కలిసింది. "జడలల్లేదానివా? నీ తలకంటే కాకిగూడు నయం. రా," అంది మర్తానా.

తెర్తుల్లా తెర చాటుకెళ్లి కొప్పులోని బోలు ఎముక సూది తీసింది. లోపల ఉక్కు మొన. అది నాణేన్ని తాకబోతుండగా తెర సందులోంచి మర్తానా కనిపించింది. ఆమె ఉంగరం మూత తెరుచుకుంది. లోలియస్ గిన్నెలో పొడి రాలింది.

మన మనిషి.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. లోలియస్ పెదవి తాకేలోపు తెర్తుల్లా దూకి గిన్నె ఎగరగొట్టింది. మరుక్షణం ఫర్నాక్ బాకు ఆమె గొంతు మీద ఆనింది. ఆ పెనుగులాటలో మెడతాడు తెగింది. నాణెం పిడికిట్లోనే ఉంది. వీధి తలుపు మీద సైనికుల దెబ్బలు పడుతున్నాయి. ఆమె చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టి, బొటనవేలితో తడిమి, సూదిమొనతో కుడివైపు ముఖాన్ని పిచ్చిదానిలా గోకింది.

తలుపు గడియ విరిగింది. బర్లాహా, మర్తానా, ఫర్నాక్ ముగ్గురికీ సంకెళ్లు పడ్డాయి. కస్పెరియస్ ఆమె పిడికిలి విప్పించి, నాణెం చూసి, పాలిపోయాడు. చిన్నవాడి ముఖం చెక్కుచెదరలేదు. ఇప్పటి చక్రవర్తి అయిన పెద్దవాడి ముఖం ఉండాల్సిన చోట గుంట.

"కుడివైపన్నానమ్మా," అని గొణిగాడు.

"వీపు వెనక గోకానయ్యా. కుడి ఎడమైపోయింది."

సైనికులతో వచ్చిన శతాధిపతి తొంగిచూశాడు. కస్పెరియస్ గొంతు పెంచి ఆమె పేరేమిటని అడిగాడు. ఆ పేరు పెట్టిందే ఆయన. ఆమె చెప్పింది. లోలియస్ తల దించుకున్నాడు. నడుముకున్న తాళాలు గలగలమన్నాయి.

"ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు కస్పెరియస్.

తమ్ముణ్ణి చంపినవాడు చక్రవర్తి. అన్న ముక్కు గోకినది ద్రోహి. కస్పెరియస్ ఆమెను శతాధిపతికి వదిలేసి, లోలియస్‌ను తాళాలతో సహా జాగ్రత్తగా బయటికి నడిపించి, ఆమె ముఖం మీదే తలుపు మూశాడు.