ఐదో నంబరు ఒక్కటే ఆగలేదు

సారిక గంటన్నర కూర్చుని వరుసగా పేర్చుకున్న అరవై రెండు కాలేజీల పేర్లు పదకొండు దాటగానే తెర మీద నుంచి మాయమయ్యాయి. మూడు రోజుల్లో ఇది మూడోసారి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఐదు దాటితే ఆ ఏడాదికి సీటు లేనట్టే.

పదకొండున్నరకు నెట్ సెంటర్ యజమాని కిషన్ వానలో తడుస్తూ గోదావరిఖని చౌరస్తాలోని ఓ మేడ మెట్లెక్కి, డిటెక్టివ్ అనసూర్య గది తలుపు తోశాడు. వెనకాలే కళ్లు వాచిన సారిక.

"అక్కా, దొంగతనం! నా కంప్యూటర్లల్ల మెమరీ ఎవరో గుంజుకపోతున్నరు" అన్నాడు కిషన్.

అనసూర్య టీ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు నలభై ఆరేళ్లు. పన్నెండేళ్లు ఓ లారీల కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, దొంగ ట్రిప్పులు పట్టుకుని, పట్టుకున్నందుకే ఉద్యోగం పోగొట్టుకుని ఈ వృత్తిలోకి వచ్చింది. పెళ్లికొడుకులు తాగుతారా లేదా అని ఆరా తీసే పనులతో ఆ వారమంతా ఆమెకు విసుగ్గానే గడిచింది.

"చిప్పులు పీక్కపోయిన్రా?"

"లేదక్కా, చిప్పులు ఉన్నకాడనే ఉన్నయి. పొద్దుగాల నత్త లెక్క నడుస్తయి. పదకొండయ్యేవరకు మెమరీ నిండిందంటయి, తెర బిగుసుకుంటది."

"చిప్పులు ఉన్నయి, దొంగతనమైంది. మంచిగున్నది కేసు" అని అనసూర్య నిట్టూర్చింది. "బంద్ చేసి మల్ల చాలు చేసి చూసినవా?"

"వందసార్లు! గంట మంచిగ నడుస్తది, మల్ల నత్త లెక్కనే."

"మేడం పట్టుకుంటది, ఫికర్ చెయ్యకు" అన్నాడు సహాయకుడు పోశం, అప్పటికే నోట్‌బుక్ తీసి. చెప్పుల దుమ్ము చూసి మేడం మనిషి గనిలో ఏ షిఫ్టో చెప్పేస్తుందని అతని నమ్మకం. ఆమె ఎన్నడూ అలా చెప్పలేదు.

నెట్ సెంటర్ గుమ్మం దగ్గర అనసూర్య తూలిపడబోయింది. మెట్ల కింద నుంచి తలుపు దాకా చెప్పుల జతలు, నీళ్ల సీసాలు, ఓ ఇటుక బారుగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు, పిడికి గుడ్డ చుట్టిన నల్లగొడుగు. మనిషన్నవాడు ఒక్కడూ లేడు.

"ఇదేం సంత?"

"లైనక్కా. మనుషులు చాయ్‌కి పోయిన్రు. చెప్పులు నిలవడ్డయి" అన్నాడు కిషన్.

"గొడుగెవరిది?"

"మా తాతది. నా కోసం ఆరింటికే పెడ్తడు" అంది సారిక.

లోపల ఐదు కంప్యూటర్లున్నాయి. మొదటిదాని నెత్తిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. అనసూర్య వాటిని చూసి మొహం తిప్పుకుంది.

కిషన్ అనుమానాలు రెండు. ఎదురుగా పోటీ నెట్ సెంటర్ నడిపే ఎల్లేశం వైరస్ పంపుతున్నాడని ఒకటి. కంప్యూటర్లు బాగుచేసే తిరుమల చిప్పులు మార్చేశాడని రెండోది. పోశం ఇద్దరినీ పిలుచుకొచ్చాడు.

"నా సెంటర్ల పొద్దటి సంది నెట్టే లేదు, ఈనికి వైరస్ పంపుడా!" అని ఎల్లేశం మండిపడ్డాడు. "వైరస్ అంటే చేపల పులుసా, గిన్నెల పెట్టి పంపనీకి?"

తిరుమల గొంతు తగ్గించాడు. "నేను చిప్పులు ముట్టలే మేడం. స్లో అయితున్నయంటే పోయిన నెల అన్నిట్ల స్పీడ్ బూస్టర్ ఏసిన. అదిగో, బ్రౌజర్ పైన ఎర్ర పట్టీ."

"ఏసినంక స్పీడ్ పెరిగిందా?"

"కొన్ని దినాలు పెరిగినట్టే అనిపించింది."

"అనిపించింది!" అని అనసూర్య నుదురు రుద్దుకుంది.

ఆమె ఒకటో నంబరు ముందు కూర్చుంది. పదకొండింటికి బిగుసుకున్న నాలుగింటినీ కిషన్ అప్పుడే మళ్లీ మొదలుపెట్టాడు. బ్రౌజర్ తెరవగానే ఓ ప్రశ్న వచ్చింది: వెనకటి పేజీలన్నీ తిరిగి తెరవాలా? అడ్డుకునేలోగానే కిషన్ అలవాటుగా 'అవును' నొక్కేశాడు.

"ఆగరాదే! రోజూ ఇట్లనే ఒత్తుతవా?"

"ఒత్తకుంటే పిల్లల ఫారాలు పోతయి కదక్కా."

ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ వాడుతోందో చూపే పట్టికను ఆమె తెరిచింది. బ్రౌజర్ పక్కన మూడు వందల పది ఎంబీ. ఎవరూ ఏదీ ముట్టలేదు. నిమిషంలో మూడు వందల ముప్పై. ఇంకో నిమిషానికి మూడు వందల యాభై ఒకటి.

"మేడం, దొంగ ఇప్పుడు కూడ లోపల్నే ఉన్నడు!" అన్నాడు పోశం గుసగుసగా.

"నువ్వు రాయి పోశం. మాట్లాడకు."

తెర అడుగున ఒక్క గుండీగా ముడుచుకున్న కిటికీలను విప్పింది. అన్నీ కౌన్సెలింగ్ పేజీలే, తొమ్మిది. మిగతా మూడింటిలోనూ తొమ్మిదేసి. ఒక్క ఐదో నంబరులో ఏమీ లేవు.

"కౌన్సెలింగ్ మొదలై ఎన్ని దినాలాయె?"

"ఇయ్యాల పదోది" అంది సారిక.

"ఐదోది ఎన్నడన్న బిగుసుకున్నదా?"

"లేదు" అన్నాడు కిషన్. "గని దానికి బ్యాటరీ కనెక్షన్ లేదు. కరెంటు పోతే ఆరిపోతది. ఫారం నింపనీకి అండ్ల ఎవ్వరు కూసోరు."

ఏ పేజీ ఎప్పుడు తెరిచారో చూపే చిట్టాను ఆమె నాలుగింటిలోనూ చదివింది. నిన్నటి టైములు పోశం రాసుకున్నాడు: తొమ్మిది అయిదు, తొమ్మిది ఏడు, తొమ్మిది తొమ్మిది, తొమ్మిది పదకొండు.

"పొద్దుగాలనా మేడం?"

"రాత్రి. షాపు మూసేదెవరు?"

మూసేది సారిక తాత సామ్యేల్. గనిలో గాలి పంపే పెద్ద ఫ్యాను దగ్గర ముప్పై రెండేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. పక్కిల్లే కాబట్టి తొమ్మిదికి షాపు మూసి తాళం వేసే పని నమ్మకంగా చేస్తున్నాడు. కబురు పంపితే వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

"కాకా, రాత్రి కంప్యూటర్లు బంద్ చేసే పోయినవా?"

"చేసే పోయిన బిడ్డా. ఒక్కొక్కటే చూసుకున్న. తెరలన్ని నల్లగైనయి."

కంప్యూటరు ఎప్పటి నుంచి ఆగకుండా నడుస్తోందో కూడా దానిలోనే రాసి ఉంటుంది. పదకొండింటికి ఆపేవరకూ ఆ నాలుగూ ముందు రోజు మధ్యాహ్నం నుంచి నడుస్తూనే ఉన్నాయి. అనసూర్య ఆ లెక్క చదివి ముసలాయనకు గోడవారగా కుర్చీ వేయించింది.

రెండింటికి ఆమె అందర్నీ లోపల కూర్చోబెట్టింది. సారిక గోళ్లు కొరుక్కుంటోంది.

"వినుండ్రి. ఒక్కపారే చెప్త. ల్యాంపు రూం అందరికి ఎరికేనా?"

బొగ్గు ఊళ్లో అది అడగాల్సిన ప్రశ్న కాదు. డ్యూటీ ఎక్కేవాడు బిళ్ల ఇచ్చి టోపీకి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. దిగేటప్పుడు వాపస్ ఇస్తాడు.

"మెమరీ గసొంటిదే. బ్రౌజర్ పేజీ తెరిచినప్పుడల్ల కొంత తీసుకుంటది, పని అయినంక వాపస్ ఇయ్యాలె. తిరుమల ఏసిన ఈ ఎర్ర పట్టీ ఇయ్యనిస్తలేదు. పేజీ మారినప్పుడల్ల పాతదాని నకలు దాచుకుంటది. షిఫ్టు దిగినోళ్లు లైట్లు ఇయ్యకుండ ఇండ్లకు పోతే, మూడో షిఫ్టోనికి ఏముంటది?"

"చీకటి" అన్నాడు ఎల్లేశం.

"దీన్నే లీకు అంటరు. దొంగ ఎవ్వడు లేడు. వైరస్ లేదు. దిష్టి అసలే లేదు. కిషన్, ఆ నిమ్మకాయ తియ్యి."

"పట్టీ ఐదోదాన్ల గూడ ఉన్నది కదా మేడం? అదెందుకు ఆగలే?" అన్నాడు తిరుమల, నేరం పంచుకునే దారి వెతుకుతూ.

"అది అడుగు! కౌన్సెలింగ్ పేజీ కొత్త నోటీసుల కోసం అర నిమిషానికోపారి దానంతటదే మారుతది. పేజీ తప్పు కాదది. రోజుకొకటి లెక్కన తొమ్మిది పేజీలు, రాత్రంత, ఆగకుండ. ఈ కిషన్ సారు బంద్ చేసి చాలు చేసినప్పుడల్ల 'అవును' ఒత్తి తొమ్మిదింటిని వెనక్కి పిలుస్తడు. పట్టీకి ఇంకేం కావాలె? ఐదోదాన్ల ఆ పేజీలు లేవు. ఆ పేజీలు పెట్టినోనికి, రాత్రి కరెంటు పోతే అది ఆరిపోతదని ఎరికె. తెర నల్లగైతే కంప్యూటర్ బంద్ అయిందని చెప్పుడు అలవాటు. ఇంకా..." ఆమె చూపు గుమ్మంలోని గొడుగు మీద ఒక్క క్షణం ఆగింది. "లైన్ల తన జాగ ముందుగాల పట్టుడు కూడ అలవాటు."

"ఎవడక్కా వాడు? పేరు చెప్పు, వాని..." అని కిషన్ లేచాడు.

"కూసో! గంటలు తక్కువున్నయి, ముందు పిల్ల పని."

ఆమె ముప్పై ఆరు కిటికీలూ మూసింది. ఎర్ర పట్టీ తీసేయించి, అన్నిటినీ నిజంగా ఆపించి, మళ్లీ మొదలుపెట్టించింది. ఈసారి ప్రశ్న వస్తే కిషన్ చేతి మీద ఒకటి వేసి, 'వద్దు' తనే నొక్కింది. పట్టికలో అంకె డెబ్భై దగ్గర ఆగింది. ఐదు నిమిషాలు చూశారు. డెబ్భై రెండు. పోశం చప్పట్లు కొట్టబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు.

సారిక కూర్చుంది. పదేసి పేర్లకు ఒకసారి సేవ్ చెయ్యమని అనసూర్య నాలుగుసార్లు చెప్పింది. వాన తగ్గింది. నాలుగుంబావుకు అరవై రెండో కాలేజీ కింద 'మీ ఆప్షన్లు భద్రపరచబడ్డాయి' అని పడింది. సారిక బల్ల మీద తల వాల్చి ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు.

"ఇప్పుడన్న చెప్పక్కా, ఎవడు?" అన్నాడు కిషన్.

అనసూర్య చెప్పేలా లేదు. గోడవారగా ఉన్న సామ్యేల్ గొడుగు తీసి చేతిలో పట్టుకుని ముందుకొచ్చాడు.

"వాడెవడో ఆమెను అడుగకు కిషన్, నేను చెప్త. గా పేజీలు పెట్టింది నేనే. ముప్పై రెండేండ్లు ఫ్యాను ఆపద్దు అన్న మాటే విన్న. ఆపితే లోపట మనుషులకు ఊపిరాడది. నడిచే మిషిన్‌ను బంద్ చెయ్యనీకి నాకు చెయ్యి రాదు, తెర ఒక్కటి ఆర్పి పోయిన. నల్లా కాడ బిందె పెట్టినం, దవాఖాన చీటీ కాడ రాయి పెట్టినం. ముందుగాల మనది లేకుంటే మనకేది అందలే సారికా. అందుకే నువ్వు చూపిచ్చిన కౌన్సెలింగ్ గుర్తు ఒత్తి, రోజుకొక పేజీ, నాలుగిట్ల నిలవెట్టిన. హైదరాబాదుల సీట్లిచ్చే లైన్ల నా మనుమరాలే ముందున్నదనుకున్న. మూడు దినాలు నువ్వు ఏడుస్తుంటే, మా పిల్లకు ఎవడో అడ్డం నిలవడ్డడని వాన్ని నోటికొచ్చినట్టు తిట్టిన. ఆ అడ్డం నిలవడ్డోన్ని నేనే సారికా."