మక్కువమాని

2084లో భీమిలి కాలనీల్లో ఎవరింటి ముందైనా పచ్చిక కనబడితే పిల్లలు ఆగి వింతగా చూసేవారు. పెరటికి కుళాయి నీళ్లు నిషేధించి అప్పటికి చాలాకాలమైంది. ఏ ఇంటి తోటైనా ఆ ఇంటి వంటింట్లో, స్నానాలగదిలో వాడేసిన నీళ్లతోనే బతకాలి. మొదళ్ల చుట్టూ ఎండుటాకుల దుప్పటి, నేలకింద వడపోత గొట్టాలు. వాడిన ప్రతి చుక్కా నేరుగా ఆ గొట్టాల్లోకే పోతుంది, చెంబుతో పట్టుకోడానికి మిగలదు. వీటన్నిటి మీదా పెత్తనం ‘వనపాలి’ అనే యంత్రానిది.

వనపాలికి ప్రాణం మక్కువమాని అనే పరికరం. ఎండలు ముదిరి నీళ్లు చాలనప్పుడు ఏ మొక్కని బతికించాలి? ఇంటివాళ్ల చూపు దేనిమీద ఎక్కువసేపు నిలుస్తుందో, దేన్ని చూస్తే గుండె వేగం పెరుగుతుందో సెన్సర్లతో కొలిచి, ముందు దానికి పోస్తుంది. నోటిమాట మాత్రం నమ్మదు. మనుషుల సంగతి తెలిసినవాళ్లే దాన్ని తయారుచేశారు.

సహస్రమ్మకి అరవై నాలుగేళ్లు. వాళ్లమ్మ తన చేత్తో నాటిన సంపెంగంటే ఆమెకి ప్రాణం. ఈ వేసవిలో అది నిలువునా ఎండిపోతోంది. నీళ్లు ఎవరు మళ్లించుకుంటున్నారో ఆమెకి తెలుసు. పక్కింటి మోక్షిత! పొద్దున్నే పూజకి గోడమీంచి బుట్టనిండా ఎర్రమందారాలు కోస్తుంది. ఆవిడ పెరట్లో చూస్తే మందారమొక్కే లేదు. దేవుడి పేరుతో పూలు కోసే చేతికి గొట్టం తిప్పుకోవడం ఒక లెక్కా?

గట్టిగా అడిగితే మోక్షిత నవ్వింది.

“మీ మందారమే గోడ దాటొచ్చి ఇస్తంది వదినా. మా వైపు వొంగిన పూలు కోసుకుంటన్నాను. నానేటి సేసేది?”

ఆ నవ్వే సాక్ష్యమైపోయింది సహస్రమ్మకి. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? అప్పట్నుంచీ తెల్లారగానే కుర్చీ వేసుకుని మందారం దగ్గర కాపలా కూర్చుంది. సంపెంగ ఇంకా ఎండిపోయింది. చివరికి యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ పైడితల్లినే పిలిపించింది. డాక్టరమ్మ గొట్టాలన్నీ పరీక్షించింది. ఎక్కడా దొంగ చెయ్యి పడలేదు.

“వనపాలీ, నీళ్లన్నీ దేనికి పోస్తున్నావు?”

“గోడపక్క మందారానికి,” అంది యంత్రం. “అమ్మగారికి దానిమీదే మక్కువ. దాన్ని చూస్తే గుండె వేగం బాగా పెరుగుతోంది. సంపెంగని చూడడం మానేశారు.”

“అది మక్కువ కాదు, కడుపుమంట!” అని అరిచింది సహస్రమ్మ.

పైడితల్లి తల దించుకుంది. “మనిషి ప్రేమించినదాన్నే ఎక్కువసేపు చూస్తాడనుకున్నామమ్మా. అక్కడే పొరపడ్డాం.”

“చేత్తో మళ్లించే మీట లేదా?”

“పెట్టలేదమ్మా. ఇప్పుడు మార్చడానికి వారం పడుతుంది. అప్పటిదాకా చెట్టు ఆగదు. వేరు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. రేపు పొద్దున్న ఒక్కపూట దాన్నే చూస్తూ కూర్చోండి, చాలు.”

మర్నాడు సహస్రమ్మ గోడకి వీపు పెట్టి సంపెంగ ముందు కూర్చుంది. మోడైన కొమ్మని నిమిరితే అమ్మ చెయ్యి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కాసేపటికి పాదులో నీళ్ల చప్పుడు మొదలైంది. మట్టి తడుస్తుంటే ఆమె ప్రాణం లేచొచ్చింది.

వెనక మందార కొమ్మ ఊగింది. ఇవాళ మోక్షిత ఎన్ని కోస్తోందో ఒక్కసారి చూసేసి మళ్లీ ఇటు తిరుగుదామని సహస్రమ్మ తల తిప్పింది.

పాదులో చప్పుడు ఆగిపోయింది. ఎండ నెత్తికెక్కినా ఆ తల మళ్లీ ఇటు తిరగలేదు.